అడవిదున్న వరసలో మా కలీనా

వరసలో నిలబడటం ఎలాగో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను వయసులో ఉన్నప్పుడు పోలండులో చెప్పులకు వరస, పంచదారకు వరస, మాంసానికి వరస. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతే డాక్టరు దగ్గర కూడా వరసే. ఏమిస్తున్నారో తెలియకుండానే ముందు వెళ్ళి నిలబడేవాళ్ళం, తరవాత "ఏమిస్తున్నారమ్మా?" అని అడిగేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథ అనుకుంటారు. అనుకోనీ. నేను చెప్పేది మాత్రం మొన్న జూన్‌లో జరిగింది. అందులో నా గొప్పేమీ లేదు. గొప్పంతా మా మనవరాలిది. చెప్పుకుని మురిసిపోవడం నా వంతు.

దాని పేరు కలీనా. మా అమ్మాయి దొరోతా కూతురు, ఐదో తరగతి. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టినప్పటినుంచీ కాళ్ళు దాని మాట వినవు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. చేతులు మాత్రం ఇనుము. బల్లమీద మోచేతులు ఆనించి బలం చూసుకుంటే మా అల్లుణ్ణి ఓడిస్తుంది. తెలివి నా పోలిక. మొండితనం కూడా నా పోలికేనంటాడు అల్లుడు. మెచ్చుకుంటున్నాడనే నేను అనుకుంటాను.

బడి మూసేముందు ఏటా తరగతి మొత్తాన్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళతారు. ఈసారి పెద్ద వినోదాల పార్కుకి అన్నారు. కలీనాను ఎత్తి దించడానికి ఇంటి మనిషి ఒకరు తోడు రావాలన్నారు. దొరోతాకు ఆసుపత్రిలో డ్యూటీ. "నేనున్నాగా" అన్నాను. తెల్లవారకముందే లేచి కట్‌లెట్లు వేయించి రొట్టెల మధ్య పెట్టాను. గుడ్లు ఉడకబెట్టాను. ఊరవేసిన దోసకాయలు సీసాలో సర్దాను, ఫ్లాస్కులో టీ పోశాను. మావాళ్ళకు బస్సెక్కితే చాలు, వీధి మలుపు తిరగకముందే ఆకలి వేస్తుంది. ఆ రోజూ బస్సంతా గుడ్ల వాసనే.

బస్సులో ఏం జరిగిందంటే, పిల్లలందరూ కలీనా చుట్టూ మూగారు.

"కలీనా, నేను నీ జట్టు!"

"పోవే, నిన్ననే నాకు మాటిచ్చింది."

"ముందు అడిగింది నేను!"

నాకు కళ్ళు చెమర్చాయి. పిల్లను పుట్టినరోజులకు ఎవరూ పిలవరని దొరోతా ఎన్నిసార్లు నా దగ్గర ఏడ్చిందో. ఇప్పుడొచ్చి చూడవే పిచ్చిదానా, నీ కూతురి కోసం కొట్టుకు చస్తున్నారు అనుకున్నాను. అందరిలోకీ ముందున్నది రొక్సానా. ఎర్ర టోపీ, నోట్లో నాలుక ఆగదు, తరగతికంతటికీ పెద్దరికం దానిదే. ఆ పిల్లకు నా చేత్తో పెద్ద కట్‌లెట్ ఏరి మరీ పెట్టాను. తల్లి, నా మనవరాలికి స్నేహితురాలు కదా అని.

పార్కు గేటు దగ్గర ఒకమ్మాయి కలీనా చేతికి పసుప్పచ్చ పట్టీ కట్టింది. "ఇది ఉంటే మీరు ఎక్కడా వరసలో నిలబడక్కర్లేదు. బయటికొచ్చే తలుపు నుంచి నేరుగా లోపలికి వెళ్ళిపోవచ్చు, మీతో ముగ్గురు రావచ్చు" అంది.

నేను ఆ పట్టీ వంక అలా చూస్తూ ఉండిపోయాను. మా రోజుల్లో ఇలాంటిదొకటి ఉంటే జుట్లు పట్టుకునేవాళ్ళం. అప్పట్లో చంకలో చంటిబిడ్డ ఉన్న తల్లిని వరస దాటించి ముందుకు పంపేవాళ్ళు. దాంతో బిడ్డల్ని ఎరువు తెచ్చుకునేవాళ్ళు బయల్దేరారు. మా భవనంలోనే ఉండే ఒకావిడ కొడుకు రోజూ ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి మారుతూ ఊళ్ళో వరసలన్నీ తిరిగేవాడు. పాపం, వాడికి మాంసంకొట్టు వాసన తగిలితేగాని నిద్రపట్టేది కాదని తల్లి చెప్పేది.

మొదట కప్పుల్లో గిరగిరా తిరిగే ఆట. కలీనా, దానితో ముగ్గురు. దిగీ దిగగానే ఆ ముగ్గురూ మాయం, ఇంకో ముగ్గురు తయారు. నీళ్ళలో జారే పడవ. మళ్ళీ వేరే ముగ్గురు. ఎవరి తరవాత ఎవరో రొక్సానా చెబుతోంది. పిల్లలు పద్ధతిగా పంచుకుంటున్నారని నేను సంతోషించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

కాసేపటికి నేను నిమ్మరసం కొనడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కలీనా తలకిందులుగా ఊగే పెద్ద ఉయ్యాల పక్కన, బయటికొచ్చే తలుపు దగ్గర ఒంటరిగా ఉంది. ఆ ఉయ్యాల అది ఎక్కకూడదు, తలకిందులైతే నడుం ఆగదు. మరి ఇక్కడెందుకుంది? లోపల రొక్సానా, ఇంకో ఇద్దరు కేకలేస్తూ ఊగుతున్నారు. తలుపు దగ్గర దీని పట్టీ చూపించి లోపలికి దూరారన్నమాట. దీన్ని మాత్రం "ఇక్కడే ఉండవే, వచ్చేస్తాం" అని బయట వదిలేశారు.

వాళ్ళు దిగారు. అంతలో తీమొన్ అనే పిల్లాడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చి, కలీనా నెత్తిమీదుగా రొక్సానాను అడిగాడు.

"కలీనా ఖాళీయేనా? మేం తీసుకెళ్ళొచ్చా?"

"ఆగు, మేం ఇంకోసారి ఎక్కాలి. మా తరవాత మీరు తీసుకోండి" అంది రొక్సానా.

పక్కింటి నిచ్చెన అడిగినట్టు అడిగాడు. ఎరువు బిడ్డ గుర్తొచ్చాడు నాకు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అంటే ఇదే. పొద్దుట బస్సులో మురిసిపోయిన ముసలిదాన్ని ఎవరైనా చెప్పుచ్చుకు కొడితే బాగుండుననిపించింది.

"ఒరేయ్ తీమొన్! ఏమన్నావురా? మనిషనుకున్నావా, సైకిలనుకున్నావా?" అని ముందుకు దూకాను.

"అమ్మమ్మా, వద్దు" అంది కలీనా. గొంతు మామూలుగానే ఉంది. "నీ సంచిలో కత్తెరుందా?"

నా సంచిలో లేనిదేముంది. ఇచ్చాను. అది పసుప్పచ్చ పట్టీ కింద కత్తెర దూర్చి, టప్పున కోసి, ముక్కను నా సంచిలో పడేసింది.

రొక్సానా నోరు తెరిచింది. "పిచ్చి పట్టిందా నీకు? ఇప్పుడు మేమెలాగే?"

"మీకు కాళ్ళున్నాయిగా, నిలబడండి" అంది మా పిల్ల.

ఆ మాట దగ్గర్నుంచీ నాకు దానిమీద ప్రేమ కాదు, భక్తి మొదలైంది. పిల్లలు గొణుక్కుంటూ పోయారు. మేమిద్దరం మిగిలాం. కలీనా ఏడుస్తుందేమోనని చేతిరుమాలు తీసి సిద్ధంగా పట్టుకున్నాను. అది దూరంగా చెట్లపైన కనిపిస్తున్న కొయ్య కట్టడాన్ని చూస్తోంది. దాని పేరు అడవిదున్న. మా దేశంలోని కొయ్య రోలర్ కోస్టర్లన్నిటికీ అదే రాజని దీని నమ్మకం. శీతాకాలం నుంచీ దాని బొమ్మ మంచం పక్కన అంటించుకుని పడుకుంటోంది.

"అమ్మమ్మా, అడవిదున్న ఎక్కుతాను. అందరిలా వరసలో నిలబడి ఎక్కుతాను."

"బాగానే ఉంది సంబడం! ఆ వరస చూశావా, బజారంత ఉంది. పట్టీ కోసేస్తే ఏం, కుర్చీ చూసి వాళ్ళే పంపిస్తారు. అది నీ హక్కే తల్లీ, ఎవరో వేసిన ముష్టి కాదు."

"హక్కేనని తెలుసు. ఇంకోరోజు వాడుకుంటాను, నువ్వు చూస్తూ ఉండు. ఇవాళ మాత్రం నేను ఎవరో ఒకరి వెనక ఉండాలి. నా వెనక కూడా ఎవరో ఒకరుండాలి. అలాగైతేనే ఎక్కుతాను, లేకపోతే ఇంటికే."

లేకపోతే ఇంటికే అన్నదంటే అంతే. శీతాకాలమంతా కన్న కల అయినా సరే, దాని మాట దానిదే. అది అలా ఇంటికి తిరిగొస్తే నేను దొరోతాకు మొహం ఎలా చూపించేది? పద అన్నాను.

అడవిదున్న దగ్గర వరసకు ఇనుప కమ్మీలు కట్టి, మెలికలు మెలికలుగా దారి చేశారు. నడుం నిలిపి కూర్చోగలిగితే ఎక్కవచ్చునని బోర్డు ఉంది. అదొక్కటీ దక్కింది. కాని మొదటి మెలిక దగ్గరే కుర్చీ ఇరుక్కుంది. ముందుకు నెట్టాను, వెనక్కి లాగాను, తిట్టాను, అయినా తిరగలేదు. మెడలో ఈల వేసుకున్న కుర్ర ఉద్యోగి వచ్చాడు.

"కుర్చీకి ఇటు దారి లేదండీ. వెనక తలుపు నుంచి వెళ్ళండి, వెంటనే ఎక్కిస్తారు."

కలీనా మొహం వాడిపోయింది. అది చూడలేకపోయాను. కుర్చీని వెనక్కి తీసి, కమ్మీల బయట నిలబెట్టి, గొంతెత్తి మా పాతకాలం కేక వేశాను.

"చివర ఎవరండీ?"

చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రవాళ్ళు నన్ను వింతగా చూశారు. వాళ్ళకేం తెలుసు! వరసలో గళ్ళటోపీ పెట్టుకున్న పెద్దాయన మాత్రం చప్పున తిరిగాడు. ఆ కేక విని తిరగకుండా ఉండటం మా వయసువాళ్ళ వల్ల కాదు.

"నేనేనండీ చివర."

"అయితే మీ వెనక మేము."

"సరేనండీ. నా వెనక మీరు."

అంతే, అయిపోయింది. మావాళ్ళలో ఆ మాట అనుకున్నాక చోటు మనదే. పక్కన బల్లమీద కూర్చోవచ్చు, రొట్టె కొనుక్కొచ్చుకోవచ్చు, మన వంతు మనకోసం అక్కడే ఉంటుంది. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఇలాగే నడుస్తుంది. కలీనా నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

అంతలో ఆకుపచ్చ జుట్టున్న ఒకమ్మాయి వచ్చి ఆయన వెనక నిలబడింది. "ఏమ్మా, నీ ముందు ఈ పాప ఉంది. పాప వెనక నువ్వు" అన్నాడు పెద్దాయన.

"ఏ పాప? ఇక్కడెవరూ లేరుగా."

"అదిగో, కమ్మీల అవతల."

"అవతల ఉంటే ఇవతల ఉన్నట్టెలా అవుతుంది?"

"మీ అమ్మ ఇక్కడ కనిపిస్తోందా? అంటే నీకు అమ్మ లేనట్టేనా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "సరే తాతగారూ, ఒప్పుకున్నాను. నేను పాప వెనక."

కలీనా కమ్మీలు పట్టుకుని ముందుకు వంగింది. "మీరు నిజంగా నా వెనకేనా?"

"నిజంగా నీ వెనకే."

దాని మొహం చూడాలి! పుట్టినరోజు కేకు కోసినప్పుడు కూడా అంత వెలుగు లేదు.

పెద్దాయన పేరు బ్రొనెక్. ట్రామ్ నడిపి రిటైరయ్యాడు. భార్యకు ఎత్తు పడదట, బల్లమీద కూర్చుని సంచులకు కాపలా కాస్తోంది. ఆయన లోపల మెలికలు తిరుగుతూ ఉంటే మేం బయట కమ్మీల వెంబడి ఆయనతోపాటే కదిలాం. ఆయన అటువైపు మలుపులో కనిపించకుండా పోతే "గళ్ళటోపీ ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అరిచేదాన్ని. "పొదలు దాటింది!" అని వరసలోంచి ఎవరో ఒకరు జవాబిచ్చేవారు. కమ్మీల సందుల్లోంచి కట్‌లెట్లు అటు వెళ్ళాయి, చెర్రీ పళ్ళు ఇటు వచ్చాయి. ఆకుపచ్చ జుట్టు అమ్మాయి మాంసం తినదట. ఆ వయసులో అలా ఎండిపోతే ఎలాగమ్మా అని కోప్పడి రెండు దోసకాయలు తినిపించాను.

ఎండ మండిపోతోంది. కలీనా ముక్కు ఎర్రబడింది.

"అబ్బబ్బా! ఇంకా ఎంతసేపండీ బాబూ! ఈ వరస కదలదేం!" అని విసుక్కుంది.

ఆ విసుగులో ఎంత సంతోషం ఉందో నాకు మాత్రమే తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళు "మాకు మాత్రం తెలుసా తల్లీ", "నత్తకి బాబులా ఉంది ఈ బండి" అన్నారు. దాన్నెవరూ పాపం అనలేదు. అందరూ కలిసి ఈలవాణ్ణి తిట్టుకున్నారు, అదీ తిట్టింది. అది కాస్త మోటు తిట్టే, నేను విననట్టు ఊరుకున్నాను.

సగం దాటాక వచ్చింది ముప్పు. ముందెక్కడో నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి కలీనాను చూసింది. లావుపాటి మనిషి, దొడ్డ మనసు, దానికి తగ్గ గొంతు.

"అయ్యయ్యో! చక్రాల కుర్చీలో పిల్లను ఎండలో పెట్టారా! మీకు మనసులున్నాయా, రాళ్ళున్నాయా? జరగండి జరగండి, పిల్లను ముందుకు పంపండి!"

మా జనం సంగతి నాకు తెలుసు. వరసలో ఒకరినొకరు పీక్కుతింటారు. అదే పసిపిల్ల అనేసరికి ప్రతివాడూ తల్లయిపోతాడు. పైనుంచి కిందిదాకా వరస రెండుగా చీలింది. ఎవరో గొలుసు విప్పారు. "రా తల్లీ", "రా బంగారం", "పాపం, దారివ్వండి" అని ఒకటే గోల. కలీనా "వద్దండీ" అంటోంది, ఎవరికీ వినపడదే. నేను సంచి కింద పెట్టేలోగా ఒకాయన కుర్చీ పిడులు పట్టుకుని ముందుకు నెట్టేశాడు.

కలీనా రెండు చేతులతో రెండు చక్రాలూ బిగించి పట్టుకుంది. కుర్చీ గక్కున ఆగింది. అరచేతులు ఒరుసుకుపోయాయి. అయినా వదల్లేదు.

"నా వంతు గళ్ళటోపీ తాతగారి వెనక!" అని అరిచింది. "ఆయన్ని దాటి నేను వెళ్ళను!"

గోల ఆగిపోయింది. లావుపాటావిడ మెత్తగా, "అది కాదమ్మా, నీ మంచికే కదా..." అంది.

"నా మంచి నేను చూసుకుంటానండీ. మీ ముందెవరు?"

"ఇదిగో, ఈయన."

"మీరు ఆయన వెనక ఉండండి. నేను ఈయన వెనక ఉంటాను. అందరికీ సరిపోతుంది."

బ్రొనెక్ గారు టోపీ తీసి గాల్లో ఊపారు. "విన్నారుగా! నా వెనకావిణ్ణి ముందుకు తోసినా తగువే, వెనక్కి తోసినా తగువే. తోసేవాళ్ళు ముందు నాతో తేల్చుకోండి!"

జనం గొల్లున నవ్వారు. లావుపాటావిడ కూడా నవ్వి, "గట్టి పిండమే! ఎవరి పిల్లండీ?" అంది. "నా మనవరాలండీ" అన్నాను. వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఇన్నేళ్ళు ఇన్ని వరసల్లో నిలబడ్డాను. ముందుకెళ్ళమంటే వెళ్ళనన్న మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

పొద్దు వాలింది. మా ముందు ఇంకా చాలామందే ఉన్నారు. టీచరమ్మ బెయాతా పరుగు పరుగున వచ్చింది.

"గేనియా గారూ, ఇక్కడున్నారా! బస్సు టైమైపోయింది. డ్రైవరు ఊరుకోవడం లేదు. కలీనా, వెనక తలుపు దగ్గర నేను మాట్లాడతాను, రెండు నిమిషాల్లో ఎక్కి దిగిపోవచ్చు. సరేనా?"

ఇంతసేపు నిలబడిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా? ఎక్కడం ముఖ్యమా, నిలబడటం ముఖ్యమా? ఒప్పుకో తల్లీ, ఒక్కసారికి ఒప్పుకో అని లోపల్లోపల బతిమాలుకున్నాను. కలీనా కొంచెంసేపు ఆ కొయ్య కట్టడాన్ని చూసింది.

"టీచర్, నా కోసం అందరూ ఆగాలంటే తప్పే. మీరు వెళ్దామంటే ఇప్పుడే వస్తాను, ఏడవను. కాని ఆ తలుపు నుంచి మాత్రం ఎక్కను."

అన్నట్టే కళ్ళు తడవలేదు. టీచరమ్మ దాని అరచేతులు చూసింది. బొబ్బలెక్కి ఉన్నాయి. కమ్మీల అవతల జనమంతా ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది.

"డ్రైవరుకు కాఫీ తాగిస్తాను. కేకు కూడా పెట్టిస్తాను. మీరు కానివ్వండి" అని వెళ్ళిపోయింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

ఎట్టకేలకు బ్రొనెక్ గారు పైకి చేరారు. మేమూ కమ్మీల చివరికి చేరాం. చూద్దును కదా, ఎక్కే వేదికకు మెట్లు. నిలువుగా, ఇరుగ్గా, ఇనుప మెట్లు. ఈలవాడు చేతులు తిప్పాడు.

"మొదట్లోనే చెప్పానుగా! కుర్చీకి వాలు దారి అటువైపే ఉంది, వెనక తలుపు దగ్గర."

కలీనా మొహం పాలిపోయింది. ఇంతా చేసి మళ్ళీ అదే తలుపా? పైన ఖాళీ బండి వచ్చి ఆగింది. ఈలవాడు "ఎక్కండి, ఎక్కండి" అంటున్నాడు. బ్రొనెక్ గారు కాలు కదపలేదు.

"బండి ఆపు నాయనా. నా వెనకావిడ అటునుంచి చుట్టూ తిరిగి వస్తోంది."

"అలా ఆపకూడదండీ, మీ వెనక ఇంతమంది ఉన్నారు..."

"నేను ఆవిడ వెనక" అంది ఆకుపచ్చ జుట్టు అమ్మాయి, చేతులు కట్టుకుని. "ఆవిడ ఎక్కాకే నేను ఎక్కుతాను."

"నేను ఈ అమ్మాయి వెనక" అన్నాడు ఇంకొకాయన. అలా ఒకరి తరవాత ఒకరు, మెట్ల కిందిదాకా చెప్పుకొచ్చారు. ఈలవాడు ఈల నోట్లో పెట్టుకుని మళ్ళీ తీసేశాడు.

కలీనా నా వైపు తిరిగింది. "తలుపు అటుదైతే ఏం అమ్మమ్మా, వంతు నాదే కదా?"

"నీదే తల్లీ. నూటికి నూరుపాళ్ళూ నీదే. పద!"

ఆ వాలు దారిలో నేను నెట్టలేదు. బొబ్బల చేతులతోనే తోసుకుంటూ పోయింది. నేను వెనక రొప్పుకుంటూ పరిగెత్తాను. తలుపు దగ్గర ఎవరున్నారనుకున్నారు? రొక్సానా, తీమొన్, ఇంకా నలుగురైదుగురు. ఎప్పటికైనా ఇటే వస్తుందని కాచుకు కూర్చున్నారు.

"వచ్చింది వచ్చింది! మేమే తోడు! కలీనా, నన్ను!"

తలుపు దగ్గరున్న ఉద్యోగిని నవ్వుతూ అడిగింది. "ముగ్గుర్ని తీసుకెళ్ళొచ్చమ్మా. ఎవరొస్తున్నారు నీతో?"

చేతులన్నీ లేచాయి. కలీనా ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా చూసింది. ఒప్పుకుంటే రేపటినుంచి బళ్ళో దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. కాదంటే ఏమవుతుందో దానికీ తెలుసు.

"వీళ్ళు వరసలో లేరండీ" అంది. "నాతో ఒక్కరే వస్తారు. మా అమ్మమ్మ. మొదటినుంచీ నాతో నిలబడింది ఆవిడే."

నేనా! బట్టలారేయడానికి మా బాల్కనీలోకి వెళ్ళాలంటేనే కళ్ళు మూసుకునేదాన్ని. పిల్లను సీట్లో కూర్చోబెట్టి ఇవతలికి వచ్చేద్దామనుకున్నాను.

"కలీనా, నా బంగారు తల్లీ, నా గుండె..."

"అమ్మమ్మా, అంతమంది మన కోసం ఆగారు."

ఇంకేం మాట్లాడను? రొక్సానా ఎర్రబడిన మొహంతో, "మరి మేము?" అంది. కలీనా కోప్పడలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"వరస అటువైపు మొదలవుతుంది. వెళ్ళి, చివర ఎవరని గట్టిగా అడుగు. చెబుతారు."

దాన్ని ఎత్తి కూర్చోబెట్టాను. పక్కన నేనూ కూలబడ్డాను. మా ముందు సీట్లో బ్రొనెక్ గారు, టోపీ చొక్కాలో దోపుకుని. మా వెనక ఆకుపచ్చ జుట్టు అమ్మాయి. సరిగ్గా ఎవరి చోట్లో వాళ్ళు. కడ్డీ కిందికి దిగింది. గొలుసు కటకటమంటూ బండిని పైకి లాగడం మొదలెట్టింది. నేను కళ్ళు మూసుకుని తెలిసిన దేవతలందరినీ పిలిచాను.

"భయమైతే నా చెయ్యి పట్టుకో" అంది కలీనా. పట్టుకున్నాను. దాని చేతికి బొబ్బలున్నాయని కూడా మరచిపోయి గట్టిగా పట్టుకున్నాను.

"ఇప్పుడు కళ్ళు తెరువు అమ్మమ్మా."

తెరిచాను. శిఖరం మీద ఉన్నాం. కింద వరస వరసంతా తలలెత్తి మాకేసి చేతులూపుతోంది. మా పిల్ల వెన్ను నిటారుగా పెట్టి, రెండో చెయ్యి పైకెత్తి వాళ్ళకు ఊపుతోంది. ఆ క్షణంలో నాకు భయమంతా ఎటు పోయిందో పోయింది. మా అమ్మాయి ఇక్కడుంటే బాగుండేది, ఊరు ఊరంతా ఇక్కడుంటే బాగుండేది అనిపించింది. నా గొంతులో ఎంత బలముందో అంతా పెట్టి కిందికి అరిచాను.

"వరసలోనే వచ్చాం! వింటున్నారా? వరసలో నిలబడే వచ్చాం!"

అడవిదున్న మమ్మల్ని కిందికి విసిరేసింది. తరవాత ఏమరిచానో నాకు గుర్తులేదు. బండి ఆగి, కడ్డీ లేచేదాకా ఆ ఒక్క మాటే అరుస్తూ ఉన్నానని బ్రొనెక్ గారు చెప్పారు.